గోడకవతల మన సెక్షన్ కాదు

మా పెరడును తోట అని పిలవడం మా ఆయనకే చెల్లింది. నాకది బురదగుంట. రాజ్‌కిశోర్ నగర్‌లో ఈ ఇల్లు కట్టుకునేటప్పుడే స్థలం పల్లంలో ఉందని అందరూ చెప్పారు. ఆయన వింటేగా. కిందంతా నల్ల జిగటమట్టి, ఇక్కడివాళ్లు కన్హార్ అంటారు. ఆషాఢంలో చేరిన నీరు దసరాకి గానీ ఇంకదు. ఆ నీటిలో నేను పెట్టిన మల్లె కుళ్లింది, కరివేపాకు కుళ్లింది. కాలు పెడితే కాలు బయటికొచ్చేది గానీ చెప్పు వచ్చేది కాదు.

ఆయన రైల్వేలో పట్టాల పని చూసే ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. మా మామగారిదీ రైల్వేయే. శ్రీకాకుళం వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చి ఈ బిలాస్‌పూర్‌లోనే ఉండిపోయారు. నేను కాపురానికొచ్చింది కూడా రైల్వే క్వార్టర్‌కే. ఉద్యోగమంతా ఆయనకి నడకే. తన సెక్షన్ ఈ కొస నుంచి ఆ కొసదాకా, ఎండనక వాననక పట్టాల వెంట నడిచిన మనిషి. ఆయనతో బజారుకెళ్లడమంటే నాకు శిక్ష. సదర్ బజార్‌లో ఒక చీర చూపిద్దామని పక్కకి తిరిగేసరికి మనిషి వీధి చివర కనిపించేవారు.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. మాట తొందరగానే తిరిగొచ్చింది, కాస్త ముద్దగా. చెయ్యి కూడా పర్వాలేదు. కుడికాలు మాత్రం మొండికేసింది. పాదం పైకి లేవదు, నేల మీద ఈడ్చుకుంటూ తేవాలి. పాత స్నేహితులంతా సాయంత్రాలు రైల్వే కాలనీ టీ కొట్టు దగ్గర చేరతారు. వాళ్లు ఇంటికొచ్చి, బండి మీద తీసుకెళ్తామని బతిమాలారు. ఆయన తల అడ్డంగా ఊపారు. వాళ్లు వెళ్లాక నాతో అన్నారు:

"కాలీడ్సుకుంటూ ఆల మద్దికి ఎల్తానేటే? ఈ కాలు లెగిసిన్నాడే గేటు దాటతాను."

మాటంటే మాటే. గేటు దాటలేదు. పెళ్లిళ్లకి రాలేదు, గుడికి రాలేదు, క్షవరానికి కూడా మనిషిని ఇంటికే పిలిపించుకున్నారు. ఆ కాలు లేవడం తప్ప మా ఇంట్లో ఇంకో ఆలోచన లేకుండా పోయింది.

వ్యాయామం చేయించడానికొచ్చే అమ్మాయి రోజూ నడవాలంది. గచ్చు మీద పడితే ఎముకలు విరుగుతాయి, బురదలో జారతారు, మెత్తటి చదును నేల కావాలంది. అలాంటి నేల ఎక్కడుంది మాకు? మాతోనే ఉండే మా అబ్బాయి, బ్యాంకు ఉద్యోగి, వాడే ఉపాయం చెప్పాడు.

"నాన్నా, పెరట్లో ఆర్టిఫిషియల్ గడ్డి వేయించేద్దాం. కీచడ్ కా ఝంఝటే ఖతమ్. బురద గొడవే ఉండదు."

"పెళ్లి పందిట్లో పరుస్తారు, ఆ పచ్చ తివాచీయేటి?" అన్నాను. నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు. ఆయన అప్పటికే పెరటి వాలు చూస్తున్నారు.

గడ్డి వేసేవాడు వచ్చి, మట్టి మీద కాస్త రాతిపొడి చల్లి పైన పరిచేస్తే సరిపోతుందన్నాడు. మా ఆయన వెనక వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఇక చూడాలి వాడి అవస్థ. నల్లమట్టి మోకాలి లోతున తవ్వించి బయటికి మోయించారు. ఇసక పోయించారు, దాని మీద గిట్టి, అంటే కంకర. నీళ్లు నింపిన సన్న గొట్టంతో లెవెల్ చూపించుకుని, వాలు వెనక గోడవైపు పెట్టించారు. కంకర మధ్యలో చిల్లుల పైపు వేయించి, దాని కొసను గోడకి కన్నం పెట్టి అవతలికి వదిలించారు. గోడవతల ఖాళీ స్థలం, మా పెరడు కంటే పల్లం. నీరు అటు పోతుంది. ఆ తర్వాత దిమ్మిస కొట్టడం, మళ్లీ కొట్టడం. గడ్డివాడికి ఓపిక చచ్చిపోయింది.

"అంకుల్‌జీ, ఇధర్ ట్రైన్ చలానీ హై క్యా?" అన్నాడు చెమట తుడుచుకుంటూ, ఇక్కడేమైనా రైలు నడపాలా అని.

ఆయన పకపకా నవ్వారు. పక్షవాతం వచ్చాక నేను విన్న మొదటి నవ్వు అది. మూతి ఒక పక్కకే వెళ్లింది గానీ నవ్వు మాత్రం పాతదే. నేను వంటింట్లోకి వెళ్లి పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను. సంతోషంతోనే.

చుట్టలు చుట్టలుగా తెచ్చిన గడ్డిని పరిచి, అతుకులు జిగురుతో అంటించి, పైన సన్నటి ఇసక చల్లి చీపురుతో దువ్వారు. చలికాలమంతా ఆయన దాని మీద నడిచారు. మొదట నా భుజం పట్టుకుని, తర్వాత కర్రతో. ఎండలు ముదిరాక ఆ ప్లాస్టిక్కు పెనంలా కాలేది. అందుకని తెల్లవారగానే నడిచేవారు, పొద్దుగూకాక మళ్లీ నీళ్లు చల్లుకుని నడిచేవారు. పాదం లేస్తోందా లేదా అని నేను వంగి మరీ చూసేదాన్ని. కొన్ని రోజులు కాస్త లేచేది. మడమ కింద గడ్డి కనపడేంత. ఆ రోజుల్లో ఆయన రెండు రొట్టెలు ఎక్కువ తినేవారు.

ఎండాకాలంలోనే గోడవతల స్థలంలోకి లారీలు రావడం మొదలైంది. ఎవరో ఇల్లు కట్టుకోవడానికి మట్టి పోయిస్తున్నారు. ఆరేసిన బట్టలన్నీ దుమ్ము. నేను లారీవాళ్లతో గొడవపడి, లోపలికొచ్చి ఆయనతో చెప్పాను, అవతల మా గోడలో సగం ఎత్తుదాకా మట్టి వచ్చిందని.

"గోడకవతల మన సెక్షన్ కాదే. ఒగ్గీ," అన్నారు.

రైల్వేవాళ్ల బుద్ధి అది. ఎవరి సెక్షన్ వాళ్లది. సెక్షన్ హద్దు రాయి దాకా ప్రతి బోల్టూ తనది, రాయి దాటాక ఏమైనా అది ఇంకొకరి డ్యూటీ. ఇన్నేళ్లు ఆయన అలాగే బతికారు, బాగానే బతికారు. మేమంతా అంతే. క్వార్టర్లలో ఇంటి వెనక కాలువ ఉంటుంది, అది నిండితే డిపార్ట్‌మెంటు మనుషులొచ్చి తీస్తారు. మన నీళ్లు గోడ దాటాయంటే మన పని అయిపోయినట్టే. పైపు నోరు ఆ మట్టి కింద పడి పూడిపోయిందన్న ఆలోచన మా ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు.

మొదటి వాన చిన్నది, నేల తాగేసింది. రెండోది మధ్యాహ్నం పట్టుకుంది. అబ్బాయి బ్యాంకులో ఉన్నాడు. ముందుగది కిటికీలోంచి జల్లు కొట్టి పరుపు తడుస్తుంటే నేను ఆ హడావిడిలో ఉన్నాను. ఆయన వెనక వరండాలో కుర్చీలో ఉన్నారు. వానంటే ఆయన ఎప్పుడూ కుదురుగా కూర్చోలేరు. రైల్వేలో పెద్ద వాన కురిసిందంటే ఎవరో ఒకరు లైన్ మీదకెళ్లి, పట్టాల కట్ట కోసుకుపోయిందా, నీరు నిలిచిందా అని చూసి రావాలి. అది ఆయన ఒంట్లో ఉంది.

నేను వెనక్కి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. కర్ర కుర్చీకే ఆనించి ఉంది.

ఆయన పెరటి మూలలో, వెనక గోడ దగ్గర, ఒక పక్కకి పడి ఉన్నారు. గడ్డి కిందనుంచి నీరు పొంగి, అంచు ఊడి, ఆ పచ్చ చాప అంతా తేలి కదులుతోంది. పైన వాన. ఆయన ఒక చెయ్యి ఇంకా గడ్డి కిందే ఉంది. నేను కేకలు పెడుతూ వెళ్తే ఆయన అరవలేదు, మూలగలేదు.

"నీళ్లు కిందనుంచి తంతన్నాయే. పైపు మూసుకుపోనాది," అన్నారు.

పక్కింటివాళ్లు వచ్చి ఎత్తి ఆసుపత్రికి చేర్చారు. తుంటి విరిగింది. సాయంత్రం డాక్టరు అబ్బాయినీ నన్నూ బయటికి పిలిచి, పొద్దున్న ఆపరేషన్ చేస్తామన్నాడు. ఈ వయసు, పైగా పక్షవాతం వచ్చిన కాలే, ఇక నడక మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఆయన మీద, ఆ గడ్డి మీద, ముఖం కూడా తెలియని ఆ మట్టి పోసినవాడి మీద, వాన మీద. ముందు ఎవరిని తిట్టాలో తెలియక అబ్బాయిని తిట్టాను. వాడు మాటలు పడ్డాడు పాపం.

బట్టలు తెచ్చుకోవడానికి ఇంటికొచ్చాను. వాన వెలిసింది, ఇంకా వెలుతురుంది. మూలలో నీరు అలాగే ఉంది గానీ, వరండా వైపు మెరకలో, వాన మొదట్లోనే పచ్చటి గడ్డి మీదికి పొంగిన నల్లటి జిగట బురద పలచగా మిగిలింది. అందులో, మా అందరి అడుగులకి పక్కగా, ఆయన నడిచిన దారి విడిగా ఉంది. ఎడమ పాదం అచ్చు, పక్కన పొడుగ్గా గీత. మళ్లీ అచ్చు, మళ్లీ గీత. నీరు మొదలయ్యేదాకా అంతే. ఆయన కుడి పాదం అచ్చు ఒక్కటి కూడా లేదు. ఎక్కడైనా ఉంటుందేమోనని వంగి వెతికాను. తర్వాత బకెట్టుతో నీళ్లు పోసి, చీపురుతో తుడిచేశాను.

పొద్దున్న ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నారు. డాక్టరు మాతో అన్నమాట ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"నానెల్లడం నువ్వు సూసావేటి?"

నేను చూడలేదు. పరుపు జరుపుతూ ముందుగదిలో ఉన్నాను.

"చూశాను," అన్నాను.

"కర్ర నేదు, ఎవుళూ పట్టుకోనేదు. గోడదాకా ఎల్లాను."

"అవును, గోడదాకా వెళ్లారు."

తర్వాత, అడగడానికి సిగ్గుపడుతున్నట్టు, గొంతు తగ్గించి అడిగారు.

"కాలు ఈడిసానా?"

"లేదండీ. రెండు కాళ్లూ ఎత్తే వేశారు."

ఆయన మొహం తేటపడింది. నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కారు.

"అయితే ఈ కట్లిప్పినాక టీ కొట్టుకి ఎల్తానే. ఆలకి కబురెట్టు."

"పెడతాను," అన్నాను. స్ట్రెచర్ తోసేవాళ్లు వచ్చారు. ఆయన గడ్డం గీసుకోలేదని, వచ్చాక గీయించమని చెబుతూ వెళ్లారు.