నడిచిపోయి దిద్దాల్సిన తప్పు

యూనివర్సిటీల మాకు రిపోర్టింగ్ చెప్పే సారు పోయి తొమ్మిది రోజులు. ఆయన తెలంగాణ కోసం ప్రాణమిచ్చిండని దిల్‌సుఖ్‌నగర్ నుంచి మీర్‌పేట్ దాకా పంచిన కరపత్రం అబద్ధం. రాసింది నేనే.

సారు గుండెనొప్పితో పోయిండు. ఎల్బీ నగర్ బస్టాపుల యూనివర్సిటీ బస్సు కోసం నిలబడి, అక్కడనే కూలబడ్డడు. చేతిల మా పరీక్ష పేపర్లు. కబురు తెలువంగనే నాకు ఏడుపు రాలే, కోపమొచ్చింది. అంత మనిషి ఉత్తగనే ఎట్ల పోతడు? ఒక్క గంటల కరపత్రం రాసేసిన.

జర్నలిజంల చేరేదాక నేను చదివినయి కూడ కరపత్రాలే. మొదటి క్లాసులనే లేచి, "న్యాయం ఒక్కదిక్కే ఉన్నప్పుడు రెండు దిక్కులు ఎందుకు రాయాలె సార్?" అని అడిగిన. అందరు చప్పట్లు కొట్టిన్రు. సారు చెవిమీది పెన్సిల్ తీసి, "మంచిగడిగినవ్ లీడరూ. ఆ ఒక్క దిక్కన్న పోయి చూసినవా?" అన్నడు. చప్పట్లకంటె నవ్వులే ఎక్కువైనయి.

లాఠీచార్జిల అల్మాస్‌గూడ స్టూడెంట్ ఒకడు చచ్చిపోయిండని మా గోడపత్రికల రాసిన. వాడు దవాఖానల బతికే ఉన్నడు. వచ్చేవారం సవరణ వేస్తనన్న.

"సవరణ కాళ్లమీద పోవాలె. నడువ్" అన్నడు సారు.

ఎండల నడిచి అల్మాస్‌గూడల ఆ పోరగాని ఇంటికి పోయినం. ఆ తల్లి తిట్టలే. "నువ్వేనా బిడ్డా రాసింది?" అనుకుంట మంచినీళ్లిచ్చింది. తప్పు రాసిన అమ్మా అన్న. వాపస్ వస్తుంటే సారు బండికాడ మిర్చిబజ్జీలు కొనిచ్చిండు. "తిను. కోపం ఉండనీ, అది మంచిదే. జర అడిగి రాయి."

ఈసారి నేను ఎవర్నీ అడగలే.

కరపత్రం చూసి సారు భార్య పిలిపించింది. "పొద్దున మందు గోళీ ఏసుకొని పోయిండు. సాయంత్రం జల్ది వస్తనన్నడు. మీరేమో కావాలని పోయినట్టు రాసిన్రు. నన్నిడిసి పోవాలని ఆయన అనుకోలే బిడ్డా" అన్నది.

కరపత్రం తప్పని మా స్టూడెంట్ల ఉద్యమ కమిటీల చెప్పిన. "ఉండనీ అన్నా, ఉద్యమానికి పనికొస్తది" అన్నరు.

"సారింట్ల అమ్మకు పనికొస్తదా?" అని అరిచి బయటికొచ్చిన. ఆ రోజుసంది నా రూముకు ఎవ్వరు వస్తలేరు. బస్సుల సారు పక్కన కూసొని పోయెటోణ్ని. ఇప్పుడు సీటు ఖాళీ ఉన్నా నిలబడే పోతున్న.

ఈ ఆదివారం పొద్దున ఏడు గంటలకు ఎల్బీ నగర్ బస్టాపుల, సారు కూలబడ్డ జాగల ఉంట. కరపత్రం పోయిన ప్రతి గల్లీకి నడిచి, తలుపు కొట్టి, తప్పు రాసినమని నోటితోని చెప్పాలె. "ప్రాణమిచ్చిండు" అన్న వాక్యం కొట్టేసి "గుండెనొప్పి" అని రాయాలె. పెన్సిళ్లు నేను తెస్త. నాతోని కరపత్రం పంచినోళ్లు, మీరు గూడ రండ్రి. ఎవ్వరు రాకున్నా ఏడు దాటంగనే నడుస్త.

మొదటి తలుపు సారు వాళ్లదే. అల్మాస్‌గూడ దాకా నాతోని నడిచిన ఆయన పాత చెప్పులు అరుగుమీద ఇంకా గల్లీ దిక్కే తిరిగి ఉన్నయి.