కంచెల చల్లిన తెల్ల ఎరువు

గా సంగతి యాదికొస్తే ఇప్పటికీ నా నెత్తురు మరుగుతది.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అయినంక కొన్నేండ్లకు నేను మంచిర్యాల దిక్కు ఒక ఊర్ల ఎవుసం పనులు చూసే సర్కారు గ్రామసేవక్‌గ చేస్తున్న. ఊరవతల పశువులు మేసే పెద్ద కంచె ఉండేది. గరిక, పిల్లిపెసర, పేరు తెల్వని ఇంకెన్నో రకాల గడ్డి అండ్ల కలిసి పెరిగేది. జీపుల వచ్చిన ఆఫీసరు కంచె చూసి, "దీనికి నత్రజని ఎరువు చల్లించవయ్యా, గడ్డి నడుమెత్తు లేవాలి" అని హుకుం ఇచ్చి పోయిండు.

గొర్లు మేపే ముసలవ్వ ఒకామె ఎరువు బస్తాలకు అడ్డం నిలబడ్డది. "గడ్డి మంచిగనే ఉన్నది గద సారూ. గీ మందు ఎవలడిగిన్రు?" అన్నది.

"నీకేం తెలుసవ్వా, జర జరుగు" అని కసిరిన. ఉప్పు లెక్క తెల్లగున్న ఎరువును నా చేతులతోనే చల్లిన.

వానలు పడంగనే గడ్డి నడుమెత్తు లేచింది. ఆఫీసరు అండ్ల నిలబడి ఫోటో దిగిండు. వరుసగ మూడేండ్లు చల్లినం. మూడో యేటికి పిల్లిపెసర తీగ ఒక్కటి కనబడలే. మొరటు గడ్డి ఒక్కటే మిగిలింది. గొర్లు దాన్ని మూతితోని తాకి వదిలేసినయి.

ఒకనాడు పొద్దుగాల అవ్వ నన్ను కంచెకు తీస్కపోయి గడ్డపారతోని రెండు జాగల తవ్వింది. గట్టు అంచుల ఎరువు పడనికాడ వేర్లు మూరెడు లోతుకు దిగినయి, మన్ను నల్లగ మెత్తగ ఉన్నది. ఎరువు పడ్డకాడ వేర్లు జానెడు సుత లెవ్వు, మన్ను పాలిపోయింది.

"మీదికి చూసి మురిసిన్రు. కింద ఏమైందో చూసిన్రా సారూ?" అన్నది.

వంగి రెండు జాగల మన్ను చేతులకు తీస్కొని చూసిన. గా వేర్లు ఏండ్లకేండ్లు మురిగితేనే నల్లమన్ను అయితది. దాన్నే చదువుకున్నోళ్లు కర్బనమంటరు. గాలిల పొగ పెరిగినా ఫికర్ లేదు, గడ్డి అండ్లున్న కర్బనాన్ని గుంజి నేలల దాస్తదని ఇయ్యాల ఎవలన్న అంటే నాకు ఒళ్లు మండుతది. వేర్లే లేనికాడ ఏడ దాస్తది?

చూసింది చూసినట్టు రిపోర్టు రాసిన. ఆఫీసరు నా ముంగటనే దాన్ని అడ్డంగ కొట్టేసిండు. "గడ్డి ఎత్తు రాసి సంతకం పెట్టు చాలు. వేర్లెవడు చూస్తాడు?" అన్నడు.

"నేను చూసిన" అని కాయితం ఆయన బల్ల మీదనే పెట్టి, సంతకం చెయ్యకుంట లేచొచ్చిన. నెల తిరగకముందే నన్ను వేరే తాలూకాకు తోలిన్రు. మరుసటి యేడు ఎరువు బండి వస్తే, ఆడోళ్లంత అవ్వ ఎంబడి పోయి దాన్ని ఎనకకు మర్లగొట్టిన్రని ఆ ఊరి మనిషి ఒకాయన సంతల కలిసి చెప్పిండు.