ఉమ్మి తడి గరిజెలు

నా చిన్నప్పుడు ముడిమ్యాలలో మా అవ్వ పొయ్యి ముందు కూర్చుంటే ఒక్క పూటలో వెయ్యి గరిజెలు లేచేవి. వెయ్యి మరీ ఎక్కువేమో, రెండు వందలు అనుకోండి. నేను చెప్పే రోజు మాత్రం అవి మేం తినడానికి కాదు. పురిటికి వచ్చిన మా మేనత్త పసిబిడ్డతో షాబాద్‌లోని అత్తగారింటికి తిరిగి వెళ్తోంది. వెంట పంపే సారె గంప నిండాలి. నిండితే అత్తకు అక్కడ మర్యాద, లేకుంటే ఏడాదంతా దెప్పులు.

గరిజె పనంతా అంచులోనే ఉంటుంది. పూరీలో ఎండుకొబ్బరి కుడుక, నువ్వులు, బెల్లం కలిపిన పొడి పెట్టి, మడిచి, అంచును నీటి తడితో అంటించాలి. అంచు విడిస్తే పొడి నూనెలో పడి మాడి, వాయి మొత్తం చేదెక్కుతుంది. అంటించే పని నాది. నీళ్ల గిన్నె ఏమో సాయానికి వచ్చి పూరీలు ఒత్తుతున్న పక్కింటి అక్క దగ్గర ఉంది. ప్రతిసారీ చేయి చాచడానికి బద్ధకించి, వేలు నాకి అంచు తడిపాను. నావి ఒక్కటీ విడలేదు. "వీని చేతిల ఏదో ఉన్నది" అని అవ్వ మెచ్చుకుంటే సిగ్గు లేకుండా మురిసిపోయాను.

గడప మీద పొగాకు నములుతూ మా తాత అంతా చూశాడు. కాసేపటికి రెండు గరిజెలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. రెండూ తినేదాకా ఆగి అడిగాడు.

"ఎట్లున్నయి బిడ్డా?"

"మస్తున్నయి తాతా."

"అవి నేనే అంటిచ్చిన. నీ లెక్కనే వేలు నాకి అంటిచ్చిన."

ఆయన నోటి వైపు చూశాను. పెదవి మూలన గోధుమరంగు ఊట నిలిచి ఉంది. మీసం చివర నమిలిన పొగాకు తునక తడితడిగా వేలాడుతోంది. నా నాలుక మీది బెల్లం ఒక్కసారిగా చీమిడిలా తోచింది. పెరట్లోకి పరుగెత్తి పేగులు బయటపడేలా కక్కాను. నిజం చెబుతాను, వాంతి రాలేదు. గొంతులో వేలు పెట్టినా రాలేదు. కడుపులోనే ఉండిపోయాయి. అది ఇంకా రోత.

తాత వెనకే వచ్చాడు. తాను ఒక్కటీ అంటించలేదని, గరిజెల పీట దగ్గరికే పోలేదని చెప్పి, మెల్లగా అన్నాడు: "నా ఉమ్మి నీకు రోతైతే, నీ ఉమ్మి షాబాదోళ్లకు ప్రసాదమా?"

చెబితే అత్త గంప వెలితి. చెప్పకపోతే బాలింత చేతులమీదుగా నా ఎంగిలి ఊరంతా పంచుతారు. అవ్వ దగ్గరికి పోయి, వేలు నాకి అంటించినవి ఐదు అన్నాను. ఆమె నా ముఖంలోకే చూస్తుంటే పది అన్నాను. చివరికి, ఎన్నో తెలియదని, అన్నీ గంపలో కలిసిపోయాయని ఒప్పుకున్నాను.

అవ్వ గంప ఎత్తి బర్రెల కుడితి తొట్టిలో బోర్లించింది. గరిజెలు నానుతూ, నూనె తేలుతూ, ఆ పొద్దంతా చేసిన పని బురదయింది. మిగిలిన పిండితో చేసినవి గంప అడుగును కూడా కప్పలేదు. అత్త దాన్నే పట్టుకుని బస్సెక్కింది. అక్కడ ఏమన్నారో మాకు ఎన్నడూ చెప్పలేదు.

ఇప్పుడు మొయినాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. పండుగలకు పక్క ఫ్లాట్ల వాళ్లకు మిఠాయి డబ్బాలు నేనే అందిస్తాను. బెల్ కొట్టే ముందు, ఇందులో ఉన్నది ఎట్లా తయారైందో వీళ్ల ముఖం మీద చెప్పగలనా అని ఒక్క క్షణం నిలబడతాను. ఆ క్షణంలో నాలుక కింద నీళ్లూరతాయి. అవి ఆకలి నీళ్లు కావు.