ఎడారిలో కుక్కర్ కూత

దెయ్యాల సినిమా పెడితే సగంలోనే గురక పెట్టే మనిషిని నేను. ఇంట్లో రాత్రిపూట ఏదో చప్పుడవుతోందని ఎవరైనా భయపడితే, ముందు ఏసీ వాడిని పిలిపించండి అంటాను. ఇప్పటికీ నా అభిప్రాయం పెద్దగా మారలేదు. కానీ యూటా ఎడారిలో మాకు జరిగినదానికి మాత్రం నా దగ్గర సమాధానం లేదు.

మేముండేది టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో. పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్ళిపోయాక నేనూ, మా ఆవిడ లలితా కారులో టెంట్ పడేసుకుని ఎడారి పార్కులు తిరగడం మొదలుపెట్టాం. ఎర్రకొండల మధ్య కుర్చీలు వేసుకుని, చిన్న స్టవ్ మీద పప్పూ అన్నం వండుకుని తింటే ఆ సుఖమే వేరు. అందుకే కుక్కర్ లేకుండా ఎక్కడికీ కదలం.

ఆ కుక్కర్ సంగతి కొంచెం చెప్పాలి. ఇద్దరం ఇంటి నుంచే పని చేస్తాం. లలిత కుక్కర్ పెట్టి తన మీటింగ్‌లోకి వెళ్ళిపోతుంది. మూడో విజిల్ రాగానే నేను మేడ దిగొచ్చి స్టవ్ ఆపాలి. ఏళ్ళ తరబడి ఇదే నా డ్యూటీ. అయినా తనకి నా మీద నమ్మకం లేదు. మీటింగ్ మ్యూట్‌లో పెట్టి మరీ, నేను ఆపానో లేదో చూడటానికి వంటింట్లోకి వస్తుంది.

ఆ యూటా ట్రిప్‌కి కుక్కర్ తోమి సర్దింది నేనే. దారి పొడుగునా బ్రెడ్డుతో నెట్టుకొచ్చాం. క్యాంప్‌గ్రౌండ్ చేరాక లలిత ఆశగా కందిపప్పు కడిగి, కుక్కర్ తీసి చూస్తే విజిల్ లేదు. ఇంట్లో సింకు పక్కన, గిన్నెల స్టాండ్‌లో ఉండిపోయింది.

"ఒకటంటే ఒక్క పని అప్పజెప్పాను మీకు" అంది.

"ఒక పూట పప్పు లేకపోతే ప్రాణం పోతుందా?" అన్నాను.

మధ్యాహ్నం కాన్యన్‌లోకి, ఆ కొండల నడుమ ఇరుకు లోయలోకి, నడకకి వెళ్ళినప్పుడు తను మూతి ముడుచుకుని ముందు నడిచింది. నీళ్ళ బ్యాగ్ నా దగ్గరుంది. ఒకచోట ఫోటో తీయడానికి ఆగాను. తలెత్తేసరికి తను కనపడలేదు. గబగబా మలుపు తిరిగితే దారి మూడు పాయలుగా చీలి ఉంది. కింద అంతా బండరాయి, అడుగులు కూడా పడవు.

పిలిచాను. నా గొంతే నాలుగు వైపుల నుంచీ తిరిగొచ్చింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఒక పాయలోకి వెళితే గోడ అడ్డొచ్చింది. ఇంకోదాంట్లోకి వెళితే అది మళ్ళీ చీలింది. ఎండ మాడ్చేస్తోంది. తన దగ్గర చుక్క నీళ్ళు లేవు, ఉన్నవన్నీ నా భుజానే ఉన్నాయి. అంత భయం నా జన్మలో ఎరగను.

అప్పుడు వినపడింది, కుక్కర్ విజిల్.

గాలి కాదు, పిట్ట కాదు. ముందు బుస్సుమని ఆవిరి, తరవాత పొడుగాటి కూత, చివర్లో మా కుక్కర్‌కి మాత్రమే ఉండే నత్తిలాంటి తడబాటు. ఆగింది. మళ్ళీ వచ్చింది. మూడోది వచ్చేసరికి నేను ఆలోచించడం మానేసి దానివైపు పరిగెడుతున్నాను. ఇరుకు సందులోంచి పక్కకి తిరిగి దూరి బయటపడితే, అవతల కాస్త ఖాళీ జాగా. ఎదుటి సందులోంచి లలిత వస్తోంది. మొహం కందిపోయింది, పెదాలు ఎండిపోయాయి.

నన్ను చూడగానే తను అడిగిన మొదటి మాట, "ఆపారా?"

నీళ్ళ సీసా చేతికిచ్చాను. గటగటా తాగి, అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది. కాస్త తేరుకున్నాక ఇద్దరం చుట్టూ చూశాం. ఇసుక, రాళ్ళు. మనిషి లేడు, మంట లేదు, పొగ లేదు.

క్యాంప్‌కి తిరిగొచ్చి చూస్తే కుక్కర్ మేం వదిలినట్టే పెట్టెలో చల్లగా ఉంది. మా దగ్గర్లో దిగింది ఒక్క తెల్లవాళ్ళ ముసలి జంటే. వాళ్ళకి ప్రెషర్ కుక్కర్ అంటే ఏమిటో చేతులు తిప్పి వివరించాల్సొచ్చింది. రైలు కూతేమో అనుకుంటే, ఈ దరిదాపుల్లో పట్టాలే లేవని పార్కు రేంజర్ చెప్పాడు. తరవాతెప్పుడో మా డాక్టర్ ఫ్రెండ్ ఒకాయన ఎండదెబ్బ అని తేల్చేశాడు. సరే, ఇద్దరికీ ఒకేసారి ఒకే కూత వినిపించే ఎండదెబ్బ ఉంటుందా అని అడిగితే టాపిక్ మార్చాడు.

ఆ సాయంత్రం గిన్నె మీద పళ్ళెం మూసి పప్పు ఉడికించాం. గ్యాస్ సగం అయిపోయింది కానీ పప్పు మెత్తబడలేదు. ఆ పలుకుల పప్పులోనే ఆవకాయ కలుపుకుని, ఒకే పళ్ళెంలో తిన్నాం. అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు.

ఇంటికొచ్చి తలుపు తీయగానే ఇద్దరం తిన్నగా వంటింట్లోకే వెళ్ళాం. విజిల్ గిన్నెల స్టాండ్‌లోనే ఉంది, నేను కడిగి బోర్లించిన చోటే.

ఎడారులు తిరగడం మేం మానలేదు. ఇప్పుడు విజిల్ లలిత హ్యాండ్‌బ్యాగ్‌లో ప్రయాణం చేస్తుంది, సర్దే పని నాకివ్వదు. ఆ రోజు కూసిందేమిటో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు, ఇక పట్టదు కూడా. ఇంట్లో మాత్రం ఒక చిన్న మార్పు వచ్చింది. మూడో విజిల్‌కి కిందికి దిగి స్టవ్ ఆపేస్తాను. ఇదివరకైతే వెంటనే మేడెక్కేసేవాడిని. ఇప్పుడు తను చూడటానికి వచ్చేదాకా అక్కడే నిలబడతాను.