ఇంటి దొంగ

ఆ బస్సు డ్రైవరు భార్యను చుట్టుపక్కల వాళ్లు సీఐడీ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. మొగుడికి షుగరు వచ్చిన నాటి నుంచి చక్కెర డబ్బాకు తాళం పడింది. అయినా రాత్రి బుద్ధిగా ఉన్న షుగరు అంకె, పొద్దున్నే కొలిచేసరికి కొండెక్కి కూర్చునేది. నిద్రపోయేవాడికి చక్కెర ఆకాశం నుంచి ఊడిపడుతుందా?

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడట. నేను పడతా, చూస్తూ ఉండండి," అనేది.

"నీ మీద ఒట్టే, ఏమీ తినలేదు," అనేవాడు మొదట్లో ఆయన. రాన్రానూ ఒట్లు మానేశాడు. పొద్దున్నే వేలు చాపి పొడిపించుకుని, అంకె చూడకుండానే డ్యూటీకి పోయేవాడు. ఆ మౌనం ఆమెను లోలోపల తినేసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన తనతో అబద్ధమాడుతున్నాడా, లేదా? అది తేలితే చాలు.

అందుకే, ఒంట్లో చక్కెర హెచ్చుతగ్గుల మీద పరిశోధన చేసే ఆసుపత్రివాళ్లు మనుషులు కావాలంటే ఆయన్ని తనే లాక్కెళ్లింది. పెందలాడే భోజనం పెట్టి, చేతికి చక్కెర కొలిచే బిళ్లంత యంత్రం అతికించి పడుకోబెట్టారు. గదిలో మంచినీళ్లు తప్ప మరేమీ లేవు. మంచం పక్కన ఆమె కాపలా.

తెల్లవారుజామున ఆ యంత్రం తాలూకు తెర మీద అంకె కదిలింది. ఆయన గురక పెడుతూనే ఉన్నాడు. అంకె ఇంకా పెరిగింది. ఆమె దిండు కింద తడిమి చూసింది. ఏమీ లేదు. పక్క గదిలో ఉన్న పరిశోధకురాలిని పిలిచింది.

"డాక్టరమ్మా, ఈయనకి చక్కెర ఎవరు పెడుతున్నారు?"

పరిశోధకురాలు నవ్వి ఆయన కుడి పక్కటెముకల వైపు చూపించింది. "కాలేయమమ్మా. మనిషి లేచేసరికి ఒంటికి సత్తువ కావాలి కదా, దాచుకున్న దాంట్లోంచి తీసి చక్కెర వదులుతుంది. మనకీ రోజూ ఇదే. మన ఒళ్లు సర్దుకుంటుంది, ఈయనది సర్దుకోలేకపోతోంది. ఎందుకో అదే వెతుకుతున్నాం."

"మరి దాన్నెవరు లేపుతారు?"

"ఎవరూ లేపక్కర్లేదు. దాని టైముకి అదే లేస్తుంది."

మొదటి ట్రిప్పుకి వెళ్లే మనిషి కోసం ఇల్లంతా నిద్రపోతుండగా లేచి పొయ్యి వెలిగించేది తనొక్కతే అని ఇన్నాళ్లూ అనుకుందామె. తనకన్నా ముందే ఆయన లోపల ఇంకొకరు లేచి పొయ్యి వెలిగిస్తున్నారన్నమాట! పుట్టిన దగ్గర్నుంచీ, ఒక్కరోజు నాగా లేకుండా! ఎంత అద్భుతం! ఆ పక్కటెముకల మీద, దుప్పటి పైనుంచే, భయంభయంగా చేయి వేసింది.

ఆయనకి మెలకువ వచ్చింది. అలవాటు కొద్దీ వేలు చాపాడు.

ఆమె ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "దొంగ దొరికాడండీ," అంది. "మీరు కాదు."

ఆయన దిండు మీంచి తల ఎత్తాడు.

"ఒట్టు?"

"మీ మీద ఒట్టు," అంది సీఐడీ.