మీ దయవల్ల బాగున్నానండి

ఆ రోజుల్లో నాకు నల్లకోటు కొత్త, నోరు మాత్రం పాతదే. నరసాపురం కోర్టులో సీనియర్‌గారి వెనక ఫైళ్ళు మోసుకు తిరిగే జూనియర్ని. అయినా వీధిలో ఎవరికి చిన్న దెబ్బ తగిలినా సరే, వాళ్ళ హక్కులేంటో పాఠం చెప్పందే వదిలేదాన్ని కాదు. (నేను నోరు తెరిస్తే చాలు, మా అమ్మ టీవీ సౌండు పెంచేది.)

నాకు దొరికిన మొదటి కేసు మా వీధి లేసు పిన్నిది. పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని లేసు అల్లేది, దాంతోనే ఇల్లు గడిచేది. బజారు నుంచి వస్తుంటే ఆటో గుద్ది కుడిచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి. కట్టు విప్పినా అవి వంగలేదు, అల్లిక ఆగిపోయింది. ఇన్సూరెన్సు వాళ్ళేమో గాయం పూర్తిగా మానిపోయిందని వాదన. అదే నిలబడితే పిన్నికి నష్టపరిహారం రాదు, ఇల్లు గడవదు. ఆవిణ్ణి సాక్ష్యానికి తయారుచేసే పని సీనియర్‌గారు నాకు అప్పగించారు. వారం రోజులు ఆవిడ కాఫీలు తాగుతూ నూరిపోశాను. "నొప్పుంటే నొప్పనే చెప్పు పిన్నీ, అది నీ హక్కు. మొహమాటపడకు." "నాకెందుకమ్మా మొహమాటం? ఇంకాస్త కాఫీ పొయ్యనా?" అనేది.

తీరా బోనెక్కాక ఏమైంది? ఇన్సూరెన్సు లాయరుగారు ఘటికుడు. చక్కగా దణ్ణం పెట్టి, "ఏమ్మా, ఒంట్లో ఎలా ఉంది?" అన్నారు. పిన్ని కరిగిపోయింది. "మీ దయవల్ల బాగానే ఉన్నానండి. ఇంట్లో అందరూ కులాసాయేనా అండి?" నేను ఒక్క ఉదుటున లేచి, "అబ్జెక్షన్ సార్! ఆవిడ మర్యాదకి అన్నారు సార్!" అని అరిచాను. కోర్టంతా ఘొల్లుమంది. "అయితే మర్యాదని కొట్టెయ్యమంటారా అమ్మా?" అన్నారు జడ్జిగారు. సీనియర్‌గారు నా కోటు పట్టుకుని కూర్చోబెట్టారు.

సాక్ష్యం టైపు చేసి, సంతకం పెట్టమని పిన్నికి పెన్నిచ్చారు. అది జారి పడింది. గుమస్తాగారు తీసిస్తే మళ్ళీ పడింది. మూడోసారి ఆవిడ ఎడంచేత్తో కుడివేళ్ళని పెన్ను చుట్టూ మడవబోయి, మడవలేక, "ఏమనుకోకండి బాబూ, మీ పెన్ను మంచిదేనండి. నా వేళ్ళే మాట వినట్లేదు," అంది. జడ్జిగారి మొహంలో నవ్వు పోయింది. "ఆ మాట కూడా రాయండి," అన్నారు.

ఆ మాటతోనే గెలిచాం. (నా వారం పాఠాల్లో అది లేదు.) వేళ్ళు మాత్రం బాగుపడలేదు. ప్రమాదం రోజున సగంలో ఆగిన లేసు ముక్కని పిన్ని నాకిచ్చేసింది. "నేనెలాగూ పూర్తి చెయ్యలేనమ్మా, నీ దగ్గరుండనీ," అంది. నాకు ఏడుపొచ్చింది. ఇప్పటికీ అది నా టేబుల్ అద్దం కిందే ఉంది.

మొన్న నా స్కూటీని ఆటో గుద్దింది. మోకాలికి ఇంత కట్టుతో మంచం మీద మూలుగుతుంటే ఇన్సూరెన్సు వాళ్ళ నుంచి ఫోను. "మేడమ్‌గారూ, ఎలా ఉన్నారండి?" ఇరవయ్యేళ్ళుగా ఊరందరికీ హక్కులు నూరిపోసిన నేను, పళ్ళబిగువున నొప్పి ఆపుకుంటూ, "మీ దయవల్ల బాగానే ఉన్నానండి, మీరు కులాసాయేనా?" అనేశాను. ఫోను పెట్టేశాక చూసుకుంటే, అబ్జెక్షన్ అని అరవడానికి పక్కన ఒక్క జూనియరూ లేరు.