మావయ్య ఏం కుదుపుతాడు?

మా మావయ్య టిఫిన్ సంచిలో కప్పని పెట్టింది నేనే. నిజం కప్ప కాదు, పాడైన రేడియో విప్పి నేను చేసిన కప్ప. అగ్గిపెట్టెంత ఉంటుంది. వెలుతురు తగిలితే బెకబెకమంటుంది. భోజనానికి సంచి తెరవగానే అది అరుస్తుంది, పక్కవాళ్ళు ఎగిరిపడతారు, మావయ్య ఇంటికొచ్చి నాలుగు తిడతాడు, అక్కడితో సరి అనుకున్నాను. ఆ రోజు ఆ సంచి ఎవరి బల్ల మీద తెరుచుకోబోతోందో నాకేం తెలుసు?

మావయ్య పనిచేసేది యూనివర్సిటీ వెనకున్న ల్యాబ్‌లో. పేరుకి యూనివర్సిటీది, పనులు చాలావరకు ప్రభుత్వానివి. ముందు హాలులో అంతరిక్షం పని, వెనక హాలులో రక్షణ శాఖ పని. మధ్యలో ఒక గోడ, ఆ గోడకో తలుపు. ఆ తలుపు ముందు వైపు నుంచి కార్డు పెడితేనే తెరుచుకుంటుంది. వెనక ఉన్నవాళ్ళకి అదీ గోడే.

మావయ్య పని కుదపడం. రాకెట్ ఎక్కినదేదైనా దారి పొడుగునా గడగడలాడిపోతుంది కదా. ఆ ఊపుకి ఊడేదేదో నేల మీదే ఊడిపోతే మంచిదని, ముందే ఒక ఇనప బల్లకి బిగించి, ఒళ్ళు హూనమయ్యేలా ఊపి చూస్తారు. ముందు హాలులో కుదిపితే వస్తువు కళ్ళెదురుగా ఉంటుంది. దాన్ని తయారు చేసిన పిల్లలు చుట్టూ నిలబడి గోళ్ళు కొరుక్కుంటారు. బల్ల ఆగాక ఏమీ ఊడలేదంటే చప్పట్లు కొడతారు. మావయ్య ఉద్యోగంలో చేరింది అక్కడే. తర్వాత వెనక హాలులో మనిషి తక్కువయ్యాడని నాలుగు రోజుల కోసం అటు పంపారు. ఆ నాలుగు రోజులు ఇప్పటికీ అయిపోలేదు.

వెనక హాలుకి కిటికీలు లేవు. బయట వానొచ్చిందో లేదో, లోపలికొచ్చినవాళ్ళ చెప్పులు చూసి తెలుసుకోవాలి. అక్కడికొచ్చే ప్రతిదానికీ నల్ల గుడ్డ కప్పి ఉంటుంది. బోల్టులు పట్టే అంచు ఒక్కటే బయటికి కనపడుతుంది. మావయ్య బిగించాలి, మీట నొక్కాలి, ఆగాక విప్పాలి. అదేమిటని అడగకూడదు. బాగుందో పాడైందో వాళ్ళూ చెప్పరు.

"ఇవాళేం కుదిపావు మావయ్యా?" అని రోజూ అడిగేవాణ్ణి.

"గుడ్డ."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ గుడ్డేరా," అనేది అత్తయ్య. "బట్టల కొట్టు పెట్టుకున్నా ఇంటికి నాలుగు తువ్వాళ్ళొచ్చేవి."

ఒక్కసారి మాత్రం, నేను పాత ఫ్యాను విప్పి నేల నిండా పరుచుకుంటే, పక్కన చతికిలబడి చాలాసేపు చూశాడు. "నువ్వు నయంరా," అన్నాడు. "చేసేదాని మొహమన్నా చూస్తున్నావు."

ఈ మధ్య ముందు హాలులో బల్ల నడిపే ముసలాయన రిటైరయ్యాడు. అక్కడి ప్రొఫెసర్ మేడమ్ మావయ్యని గేటు దగ్గర ఆపి అడిగింది.

"మా పిల్లలు బుల్లి ఉపగ్రహం చేశారండీ. మీ చేత్తో కుదిపితే నాకు ధైర్యం. ఇటు వచ్చేయకూడదూ?"

మావయ్యకి కావలసిందీ అదే. సెక్యూరిటీ ఆఫీసర్ సరేనంటే చాలు. ఆయన రమ్మన్న రోజున మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేనేమో సంచిలో కప్పని వేశాను.

ఆఫీసర్ గదిలోకి వెళ్ళే ఎవరి సంచైనా ఆయన బల్ల మీదే తెరవాలట. తెరిచారు. కప్ప బెకబెకమంది. క్షణంలో గది ఖాళీ. సంచి మీద ఇసుక బస్తాలు పడ్డాయి, మావయ్యని ఇంకో గదిలో పెట్టి తలుపేశారు. అది నా పనే అయ్యుంటుందని మావయ్య చెప్పాడట, కాసేపటికి నన్నూ పిలిపించారు.

"ఇది చేయడం ఎవరు నేర్పారు?" అన్నాడు ఆఫీసర్.

"ఎవరూ నేర్పలేదండీ. పాడైన రేడియోలు చూసి నేర్చుకున్నా."

"మీ మావయ్య ఇక్కడేం చేస్తారో తెలుసా?"

"తెలుసండీ. గుడ్డ కుదుపుతాడు."

ఆయన నవ్వలేదు. మావయ్య లోపలి సంగతులు బయట చెబుతాడా అని ఇంటికొచ్చి అత్తయ్యనీ అడిగారు. మొగుడి మీదకి ఏదో వస్తోందని ఆవిడ కొంగు బిగించింది.

"మా ఆయనా బయట వాగేది? కూరలో ఉప్పు లేకపోయినా నోరు విప్పరండీ. ఇన్నేళ్ళు కాపురం చేశాను, లోపలి సంగతి ఒక్క ముక్క నాకు తెలిస్తే ఒట్టు."

చుట్టుపక్కల ఎవరిని కదిపినా ఇదే మాట. విచారణ ముగిసింది. ఆఫీసర్ మావయ్యకి చేయి కలిపి మరీ చెప్పాడట: "కట్టుకున్నావిడకి కూడా చెప్పని మనిషివి. నీలాంటివాణ్ణి ముందు హాలుకి వదులుకుంటామా? నువ్వు వెనకే ఉండాలి." కప్పని మాత్రం గేటు అవతల పారేయించాడు.

పిల్లల ఉపగ్రహాన్ని ఎవరో కొత్త కుర్రాడు కుదిపాడు. ఆ సాయంత్రం మావయ్య చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాడు. కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది.

"గోడవతల చప్పట్లు వినపడ్డాయి," అన్నాడు.

ఎవరూ అడక్కుండా వెనక హాలు నుంచి ఆయన ఇంటికి తెచ్చిన మొదటి కబురు అది. అత్తయ్య గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"తప్పంతా నా కప్పదే మావయ్యా," అన్నాను.

మావయ్య నా వైపు తిరిగాడు. "దాన్నేం అనకు. అది నోరు విప్పి అరిచింది, బయటపడింది. నేను నోరు మూసుకున్నాను, లోపలే ఉండిపోయాను. ఉన్న బుద్ధంతా దానికే పెట్టేశావు, నీకు కాస్తయినా మిగుల్చుకోవాల్సిందిరా."